కొండ కాఫీ: తెగులును తట్టుకొను రకములు

వరి పండు గోదావరి మండలమున కాఫీ తోటల ప్రసంగమేల అని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. రాజమహేంద్రవరమున తెల్లవారగనే ఇత్తడి ఫిల్టరులో పొడి వేసి మరుగునీరు పోయు గృహిణికి, ఆ పొడి ఏ మైసూరు నుండియో కొడగు నుండియో వచ్చినదను తలంపే గాని, గోదావరి కొండలకును దానికిని చుట్టరికము కలదని తెలియకపోవచ్చును. కాని ఆంధ్ర దేశమున కాఫీ మొక్క మొదట వేరూనినది అరకులోయలో కాదు. 1898లో బ్రోడీ అను ఆంగ్లేయుడు మారేడుమిల్లి దాపునగల పాములేరు లోయలో దానిని నాటించెను. అక్కడనుండి అది పుల్లంగికిని, గూడెము కొండలకును ప్రాకెను. 1920 ప్రాంతము నాటికి అరకు, పాడేరు, చింతపల్లి దిక్కులకు పోయెను. 2022లో జిల్లాలను మరల విభజించినప్పుడు మారేడుమిల్లియు రంపచోడవరమును తూర్పు గోదావరిని విడిచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. పటమున గీత జరిగినది గాని, ఆ కొండలమీద కురిసిన వాన నేటికిని మన గోదావరిలోనికే దిగుచున్నది.

నాడు దొరల వినోదముగా మొదలైన ఈ పంట నేడు గిరిజనుల బ్రతుకుదెరువైనది. 1960 తరువాత అటవీశాఖవారు అడవులలో కాఫీ వేయించిరి. అటుపిమ్మట గిరిజన సహకార సంస్థయు, కాఫీ బోర్డును, పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు పూనుకొని, పోడు కొట్టుకొను కుటుంబములచేత ఆ వాలులలోనే సిల్వర్ ఓక్ నీడన కాఫీయు, ఆ చెట్లకు మిరియపు తీగెయు పెట్టించినవి. ఒక్కొక్క కుటుంబమునకు ఉండునది ఎకరము, లేదా రెండెకరములు. ఈ తోటల పంటకే 2019లో ‘అరకులోయ అరబికా’ అని భౌగోళిక గుర్తింపు లభించెను.

ఇంత చిన్న తోట గలవానికి మొక్క ఎన్నిక ఎంత పెద్ద విషయమో చెప్పుటకే ఈ ప్రసంగము. డెల్టా రైతుకు ఇది తన అనుభవముతో పోల్చి చూచుకొన్నచో తేటపడును. మార్టేరు పరిశోధనా స్థానము 1925లో ఏర్పడినది మొదలు ఎన్ని వరి వంగడములు వచ్చినవి! 1982లో వచ్చిన స్వర్ణ కోస్తా అంతటను నిండినది. దోమపోటును కొంత ఓర్చుకొను విజేత, కాటన్‌దొర సన్నాలు తరువాత వచ్చినవి. ఒక వంగడము దోమకు లొంగినదని తెలిసిన రైతు వచ్చు సార్వాకు వేరొక విత్తనము తెచ్చుకొనును. పోయినది ఒక్క పంట. కాఫీ రైతుకు ఆ వెసులుబాటు లేదు. నేడు నాటిన మొక్క మూడవ యేటనో నాలుగవ యేటనో గాని కాయదు. కాచిన తరువాత ముప్పది నలువది యేండ్లు అదే చెట్టు. ఎంచుకొన్న రకము తెగులునకు లొంగునదైనచో, ఆ సంగతి తెలియు నాటికే నాలుగైదు ఏండ్ల శ్రమ పెట్టుబడియై పోయి యుండును. పెకలించి మరల నాటవలెనన్నచో ఇంకొక నాలుగేండ్ల పస్తు. కనుక వరి రైతునకు వంగడము ఒక పంట మాట. కొండ రైతునకు అది ఒక తరము మాట.

కాఫీకి ముఖ్యశత్రువు ఆకు తుప్పు తెగులు. ఆకు క్రిందివైపున నారింజ రంగు పొడి చల్లినట్లు మచ్చలు పడును. వ్రేలితో తుడిచినచో పసుపు అంటినట్లు అంటుకొనును. ఆ పొడియంతయు బూజు విత్తులే. ఒక్క మచ్చనుండి అవి లక్షలకొలది రాలును. గాలిలో, వాన తుంపరలో, కోతకు వచ్చినవారి బట్టలమీద అవి తోటనుండి తోటకు పోవును. ఆకు అడుగున నీటి పొర కొన్ని గంటలపాటు ఆరక నిలిచినచో మొలకెత్తి, ఆకు ఊపిరి తీయు సన్నని రంధ్రములగుండ లోనికి చొచ్చును. ఈ బూజునకు శాస్త్రజ్ఞులు హెమిలియా వాస్టాట్రిక్స్ అని పేరు పెట్టిరి. మొదటి మాట విత్తునకు ఒక ప్రక్క నునుపు, ఒక ప్రక్క గరుకు అనుటకు గుర్తు. రెండవ మాటకు అర్థము సర్వనాశిని.

పేరు పెట్టినవారు ఊరక పెట్టలేదు. 1869లో సింహళమునుండి పంపిన ఆకులను చూచి బర్క్లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ పేరిడెను. అప్పటికి సింహళము కాఫీకి ప్రపంచ ప్రసిద్ధము. కొండకు కొండ ఒకే జాతి కాఫీతో కప్పబడి యుండెను. 1880లో మార్షల్ వార్డ్ అను యువశాస్త్రజ్ఞుని ప్రభుత్వమువారు అక్కడికి పంపిరి. అతడు రెండేండ్లు శ్రమించి, ఇది నేల దోషము కాదు, వాతావరణ దోషము కాదు, ఈ బూజే కారణమని నిరూపించెను. ఒకే మొక్కను అడ్డు లేకుండ మైళ్లకు మైళ్లు నాటుట తెగులునకు బాట వేయుటయే అని కూడ అతడు తెలిపెను. అప్పటికే ఆలస్యమైనది. ఇరువది యేండ్ల లోపల ఆ తోటలు చాలవరకు తేయాకు తోటలుగా మారిపోయినవి. ప్రపంచము నేడు సింహళపు తేయాకును మెచ్చుకొనుచున్నదన్నచో, అందుకు ఈ బూజునకు కొంత ఋణపడియున్నది.

దక్షిణ భారతమున కాఫీ అట్లు మాయము కాలేదు. నీడచెట్ల క్రింద పెంచుట ఒక కారణము. మంచి మొక్కలను కనిపెట్టి యేరుకొనుట రెండవ కారణము. మైసూరు సీమలో 1911 ప్రాంతమున కెంట్ అను తోట యజమాని తన తోటలో ఒక చెట్టు మాత్రము తుప్పు పట్టక పచ్చగా నిలిచియుండుట చూచి, దాని విత్తులు పోగుచేసెను. ‘కెంట్స్’ అను రకము అట్లు పుట్టినది. చదువుకొన్న శాస్త్రమువలన కాదు, తోటలో తిరుగు కంటివలన పుట్టిన రకమిది. కాని కొన్నియేండ్లకు కెంట్స్ ఆకులమీద కూడ నారింజ పొడి కనబడెను. చెట్టు మారలేదు, బూజు మారినది.

ఇచ్చట కొంచెము ఆగి కారణము చెప్పవలెను. ఎందుకనగా తరువాతి కథ అంతయు దీనిమీదనే నడచును. చిక్కమగళూరు దాపున బాలెహొన్నూరులో 1925లో కాఫీ పరిశోధనా స్థానము వెలసినది, మన మార్టేరు వెలసిన యేడే. అక్కడ మేన్ అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాత కనుగొన్న దేమనగా, చూపునకు ఒక్కటిగా నున్నను తుప్పు బూజులో పలు తెగలు ఉన్నవి. ఒక తెగ లొంగదీయలేని చెట్టును వేరొక తెగ లొంగదీయును. తాళము వేసిన ఇల్లు వంటిది చెట్టు. దొంగలు లక్షలమంది. వారిలో ఏ ఒక్కని చేతి తాళపుచెవి యైనను ఆ తాళమునకు సరిపోయినచో, వాని సంతతి యంతయు అదే చెవితో తిరుగును. పోర్చుగల్లులోని ఓయిరాస్‌లో 1955లో ఏర్పడిన పరిశోధనా కేంద్రమువారు దేశదేశముల ఆకులు తెప్పించి పరీక్షించి, ఇట్టి తెగలు యాభైకి మించి కలవని తేల్చిరి.

కనుక ఒక తాళము చాలదు, రెండు మూడు వేయవలెనను ఆలోచన పుట్టెను. లైబీరికా అను దూరపు బంధువు రక్తము సహజముగా కలిసిన ఎస్. 288 అను మొక్కను కెంట్స్‌తో సంకరము చేసి, బాలెహొన్నూరువారు 1940ల మధ్యకాలమున ఎస్. 795 ను విడుదల చేసిరి. పొడుగు చెట్టు, మంచి పంట, కప్పులో మంచి రుచి. ఈ రకము దేశమున ఎన్ని కొండలమీద పరచుకొన్నదో చెప్పనలవి కాదు. కాలక్రమమున దానికిని తుప్పు పట్టినది. అయినను పూర్తిగా కూలిపోలేదు. ఆకు కొంత రాల్చుకొనియు కాయుచున్నది. ‘తెగులు రాదు’ అను రకముకంటె ‘తెగులు వచ్చినను తట్టుకొను’ రకము దీర్ఘకాలము మేలు చేయునని నా యభిప్రాయము. ఎస్. 795 దానికి సాక్ష్యము.

తరువాతి వింత తిమోరు దీవినుండి వచ్చెను. అరబికా మొక్కకు 44 క్రోమోజోములు, రొబస్టాకు 22. ఈ రెంటికిని సంతానము కలుగుట అరుదు. అట్టి కలయిక మనుష్యుని ప్రమేయము లేకయే తిమోరులోని యొక తోటలో జరిగినది. 1927 ప్రాంతమున నాటిన ఆ తోటలో ఒక్క చెట్టు అరబికా రూపున నుండియు రొబస్టావలె తుప్పును లెక్కచేయలేదు. ఓయిరాస్‌వారు ఈ తిమోరు సంకరమును తెప్పించి, కటుర్రా అను పొట్టి అరబికాతో కలిపి ‘కటిమోర్’ను సృష్టించిరి. నేడు లోకమున తుప్పును తట్టుకొనునవని పేరుపడిన అరబికాలలో అనేకములు ఆ ఒక్క చెట్టు మనుమలే. ఇందులో మేలెంతయో కీడును అంతయే. అందరి ఇండ్లకును ఒకే కమ్మరి చేసిన తాళములన్నమాట.

కటిమోర్‌ను మన దేశమున 1985లో ‘కావేరి’ పేరున ఇచ్చిరి. పొట్టి చెట్టు, దగ్గర దగ్గరగా నాటవచ్చును, త్వరగా కాయును, విరివిగా కాయును. మన కొండలలోను దీనిని నాటిరి. కొన్నియేండ్లకు రెండు సంగతులు తెలిసినవి. ఒకటి, బూజు కావేరి తాళపుచెవిని సంపాదించెను. రెండు, విరివిగా కాయు చెట్టునకు విరివిగా తిండి పెట్టవలెను. ఎరువు కొనలేని కొండ రైతు తోటలో కావేరి శక్తికి మించి కాచి, కొమ్మలు ఎండి, వాడిపోవును. ఎరువుబస్తాలు దించు పెద్ద తోటలలో మెప్పు పొందిన రకము, ఆకుల పెంట తప్ప ఎరుగని వాలులో అదే మెప్పు పొందునని నమ్మరాదు. తిమోరు సంకరమును ఇథియోపియా రకమైన తాఫారికేలాతో కలిపిన సెలెక్షన్ 9 మన మన్యమున బాగుగా నిలిచినది. 2007లో బాలెహొన్నూరువారు ఇచ్చిన ‘చంద్రగిరి’ విల్లా సార్చి అను పొట్టి రకమునకును తిమోరు సంకరమునకును పుట్టినది. దళసరి ముదురాకుపచ్చ ఆకులు, గుబురైన చెట్టు, పెద్ద గింజ. రైతులు దీనిని కోరుకొనుచున్నారు. ఇటీవల కొన్నిచోట్ల దీని ఆకులమీద కూడ తుప్పు కనబడుచున్నది. కెంట్స్ కథ తెలిసినవారికి ఇది ఆశ్చర్యము కలిగింపదు.

అట్లయినచో ఈ రకములతో ప్రయోజనమేమి అని అడుగవచ్చును. ప్రయోజనము చాల ఉన్నది. దానిని చూపుటకు సముద్రములు దాటి రెండు దేశములు చూచి రావలెను. తుప్పు 1970లో బ్రెజిలులో కాలు పెట్టెను. తమకును రాక తప్పదని ఎరిగి కొలంబియా శాస్త్రజ్ఞులు ముందుగనే కటిమోర్ సంతతిని సిద్ధపరచి 1982లో రైతులకిచ్చిరి. మరుసటియేడే, 1983లో, తెగులు అక్కడికి వచ్చెను. వారు చేసిన తెలివైన పని ఏమనగా, ఒకే వంశపు విత్తు ఈయలేదు. చూపునకు ఒకటే తీరుగనుండి లోపల వేరు వేరు తాళములుగల పలు వంశముల విత్తులను కలిపి ఒకే పేరున ఇచ్చిరి. 2005లో ఇచ్చిన ‘కాస్టిల్యో’కు కూడ అదే పద్ధతి. రెండవ దేశము హోండురాస్. అక్కడ లెంపీరా అను కటిమోర్ రకమును విరివిగా నాటిరి. 2012, 13 సంవత్సరములలో మధ్య అమెరికాను తుప్పు ముంచెత్తినప్పుడు అది తోటలను నిలిపెను. 2017 నాటికి అదే లెంపీరా తెగులునకు లొంగినదని అక్కడివారే ప్రకటింపవలసి వచ్చెను.

దీనినిబట్టి మన కొండలకు తీయవలసిన సారము స్పష్టము. ఊరికంతకును ఒకే రకము పంచుట సులభము, లెక్క వ్రాసికొనుటకు తేలిక. కాని అది సింహళపు బాట. ఎకరము తోటలో కూడ రెండు మూడు రకములు వరుసలుగా నాటవచ్చును. నా మాటయే చెప్పవలెనన్నచో, ఎరువు పెట్టగల చదునైన చోట చంద్రగిరి, మిగిలిన వాలున సెలెక్షన్ 9, ఇదివరకే నిలదొక్కుకొన్న పాత ఎస్. 795 చెట్లను పెకలింపక కత్తిరించి పునరుద్ధరించుట మంచిది. ఎత్తు కూడ చూడవలెను. తుప్పునకు వెచ్చదనమును తడియును ఇష్టము. అరకు, పాడేరు ఎత్తులకంటె మారేడుమిల్లి దిక్కు కొండలు తక్కువ ఎత్తు. అక్కడ తెగులు జోరు ఎక్కువ. మన తీరమునకు నైరుతి వానలు వెళ్లిన తరువాత తుపాను వానలు కూడ తప్పవు గనుక, ఆకు తడి ఆరని దినములు కార్తికము దాక సాగును. అట్టిచోట తట్టుకొను రకము తప్పనిసరి. రొబస్టా వేయుదమా అని కొందరు అడుగుదురు. దానికి తుప్పు బాధ స్వల్పమే గాని, వేసవి మొదట పూతకు నీరందవలెను. ధరయు సాధారణముగా అరబికాకు తక్కువ. వాగు నీరు ఎక్కించుకొనగల చోటనే దాని మాట.

మందు చల్లిన సరిపోదా? చల్లిన మంచిదే. 1885లో ఫ్రాన్సు ద్రాక్షతోటలకై వెలసిన బోర్డో మిశ్రమమే నేటికిని దీనికి మందు. ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో మంచి సున్నము, 200 లీటర్ల నీరు. రెంటిని వేరు వేరుగా, ఇనుము కాని పాత్రలలో కరగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయవలెను. మెరుగుపెట్టిన కత్తిని ముంచి తీసినచో ఎర్రని రాగి అంటరాదు. అంటినచో ఇంకను సున్నము కావలెను. కలిపిన నాడే చల్లవలెను. తొలకరికి ముందొకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి, ఆకు అడుగు తడియునట్లు కొట్టవలెను. చెప్పుట తేలికయే. కాని ఎకరమునకు ఇట్టి పీపాలు ఒకటి రెండుతో చాలవు. కొండ వాలున ఆ నీటిని ఎవరు మోసికొని పోవుదురు? వాగునుండి బిందెలతో ఆ యింటి ఆడువారే. వరి చేనిగట్టున కాలువ నీరు పారు డెల్టాలో ఈ కష్టము ఊహకు అందదు. తట్టుకొను రకము కొండ రైతునకు ఏల ప్రాణమో ఈ బిందెలే చెప్పును. మందు కొట్టగలవానికి అది ఆదా. కొట్టలేనివానికి అదే ఆధారము.

అయితే తుప్పును తట్టుకొను రకము సర్వరోగ నివారిణి కాదు. తెల్ల కాండము తొలుచు పురుగు అరబికాలో ఏ రకమును విడువదు. దానికి మందు నీడయే. ఎండ తగులు కాండముమీదనే అది గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడును. 2014 అక్టోబరున హుద్‌హుద్ తుపాను పాడేరు కొండలలో సిల్వర్ ఓక్‌లను కూల్చినప్పుడు పడిపోయినవి నీడచెట్లు మాత్రమే అనుకొనరాదు. వాటి క్రింది కాఫీకి ఉన్న కాపలా కూడ పోయినది. ఇక కాయ తొలుచు పురుగు. అది 1990లో గూడలూరున మన దేశమున మొదట కనబడి, 2025లో అరకు ప్రాంతమునకు కూడ వచ్చినది. దానికి రకముతో పనిలేదు. పండిన పండును చెట్టున గాని నేలమీద గాని ఒక్కటియు మిగులనీయక ఏరుటయే ఉపాయము.

విత్తనము సంగతి ఒకటి మిగిలినది. అరబికా చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును గనుక విత్తు తల్లి పోలికను తెచ్చును. కాని నూటికి కొన్ని పూలు పరాగసంపర్కము పొందును. తిమోరు సంతతి మొక్కలలో గుణములు తరమునకు కొంత చీలును కూడ. అందుచే పొరుగువాని తోటలో బాగుగా కాచిన చంద్రగిరి చెట్టుక్రింద మొలచిన మొక్కలను పీకి తెచ్చి నాటినచో, వానిలో కొన్ని తాత గుణము మరచినవి కావచ్చును. మొక్క పొట్టిగనే యుండును, ఆకు దళసరిగనే యుండును. తుప్పు వచ్చినప్పుడు గాని తేడా తెలియదు. కడియము నారుమళ్లలో మామిడి అంటు కొనువారు ‘ఏ చెట్టు కొమ్మ?’ అని అడిగి కొనుట ఎరుగుదురు కదా. కాఫీ రైతు అడుగవలసిన ప్రశ్నయు అదే. విత్తు కాఫీ బోర్డుదేనా, ఏ యేటిది, ఏ రకము?

చింతపల్లి దాపున ఆర్.వి. నగరులో కాఫీ బోర్డువారి ప్రాంతీయ పరిశోధనా స్థానము కలదు. కాఫీ విత్తు వరి విత్తువలె గాదెలో నిలువ యుండదు. కొద్ది నెలలకే మొలకెత్తు శక్తి పోవును. డిసెంబరు, జనవరులలో మడిలో చల్లి, రెండాకుల మొలకను సంచిలోనికి మార్చి పెంచినచో తొలకరికి నాటుటకు వచ్చును. కనుక ఏ రకము, ఎన్ని మొక్కలు, ఏ వాలున అనునది కోతలు జరుగుచుండగనే తేల్చుకొని విత్తు అడిగి ఉంచుకొనవలెను. జూనులో వాన పడిన పిదప నారుమడికి పోయినవానికి, అక్కడ మిగిలియున్న రకమే దొరకును.